చౌరస్తాకు పేరిచ్చిన ఆఫీసు

హైదరాబాద్‌లో ఆటో ఎక్కి ‘ఆర్టీసీ క్రాస్ రోడ్స్’ అంటే చాలు, ఇంకో గుర్తు అడగరు. సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్ల పుణ్యమా అని ఆ పేరు వినగానే అందరికీ మొదటి రోజు మొదటి ఆటే గుర్తొస్తుంది గానీ, అది ఒక ఆఫీసు వల్ల వచ్చిన పేరు. ఆ పక్కనే ఉన్న బస్ భవన్, అంటే రోడ్డు రవాణా సంస్థ ప్రధాన కార్యాలయం, చౌరస్తాకు తన పేరు తగిలించింది. అక్కణ్ణుంచి అజామాబాద్ వైపు కాస్త నడిస్తే ఇంకో స్టాపు ‘వీఎస్టీ’. అదీ కంపెనీ పేరే, 1930లో పుట్టిన వజీర్ సుల్తాన్ టొబాకో. మాదాపూర్‌లో మాత్రం సైబర్ టవర్స్, మైండ్‌స్పేస్ జంక్షన్లు లేవా అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నాయి. తేడా ఒకటే. బస్ భవన్ లోపలికి వెళ్లి చూసినవాళ్లు ఈ నగరంలో తక్కువే, కానీ దాని బస్సు ఎక్కనివాళ్లు అంతకన్నా తక్కువ.

కొత్తగా హెడ్డాఫీసు కట్టుకునే ఏ కంపెనీ ప్రకటన చూసినా రెండు మాటలు తప్పవు. ఈ భవనం మా సంస్కృతికి అద్దం పడుతుంది. ఇది మా ఉద్యోగులను ఒకరికొకరిని దగ్గర చేస్తుంది. మొదటి మాటలో అద్దం వరకు నిజమే. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా లేచినవన్నీ అద్దాల మేడలే. ఆ అద్దంలో కనబడేది ఎదురుగా ఉన్న ఇంకో కంపెనీ అద్దం. 2020 తరువాత ఈ రెండో మాట ఇంకా గట్టిగా వినిపిస్తోంది. ఇంట్లో కూర్చుని పనిచేయడం అలవాటైన జనాన్ని మళ్లీ ఆఫీసుకు రప్పించాలంటే, ఇంట్లో దొరకనిది ఏదో అక్కడ దొరుకుతుందని చెప్పాలి కదా. అలా చెప్పుకునే వస్తువే ‘మనుషుల మధ్య కలయిక’. ఒక భవనం నిజంగా దాన్ని ఇవ్వగలదా, ఇస్తే అందులో ఏ భాగం ఇస్తుంది అన్నది తేల్చుకోవాల్సిన ప్రశ్న. దాన్ని హైటెక్ సిటీ నుంచి కాకుండా చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడల నుంచి చూడటానికి కారణం ఉంది. చెప్పుకోదగ్గ కార్పొరేట్ క్యాంపస్ ఈ మూడు పేటల్లో లేదు. అయినా ఒకరినొకరు కలవడం కోసమే నగరం నలుమూలల నుంచి ఇక్కడికి జనం వస్తారు.

ముందు సంస్కృతి సంగతి. ఆఫీసు గోడ మీద సంస్కృతిని రాసుకోవడం కొత్తేమీ కాదు. అమెరికాలోని బఫెలోలో లార్కిన్ అనే సబ్బుల కంపెనీకి 1906లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఒక ఆఫీసు కట్టాడు. నడుమ పైనుంచి వెలుతురు పడే పెద్ద హాలు, చుట్టూ అంతస్తులు, గోడల మీద ఉద్యోగికి ఉండాల్సిన సుగుణాల పేర్లు చెక్కి ఉండేవి. వాస్తుశిల్ప చరిత్ర పుస్తకాల్లో ఆ భవనం లేని పుస్తకం ఉండదు. కానీ కంపెనీ చితికిపోయింది, 1950లో భవనాన్ని కూలగొట్టారు. గోడ మీద సుగుణాలు ఉన్నంత మాత్రాన సరుకు అమ్ముడుపోదు.

మన దగ్గర కథ తిరగేసి మొదలైంది. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ స్థానిక సంస్కృతి ఊసే ఎత్తలేదు. గుండ్రటి భవనం, నడుమ ఫౌంటెన్. మేమూ ప్రపంచంలో ఉన్నామని చెప్పడమే దాని పని, ఆ పని బాగానే చేసింది. పాతికేళ్లు తిరిగేసరికి గాలి మారింది. 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన సచివాలయానికి నిజామాబాద్ నీలకంఠేశ్వరాలయం, వనపర్తి సంస్థానం రాజప్రాసాదం ప్రేరణ అని చెప్పారు. దూరం నుంచి చూస్తే గుమ్మటాలు దర్జాగా ఉన్నాయి, కాదనను. అయితే దరఖాస్తు పట్టుకుని వచ్చిన మనిషికి గుమ్మటం కన్నా గేటు ముఖ్యం. అతన్ని ఎక్కడ ఆపుతారు, ఎంతసేపు నిలబెడతారు, ఎండలోనా నీడలోనా అన్నదే ఆ కట్టడం సంస్కృతి గురించి అతనికి తెలిసే మొదటి సంగతి.

ప్రైవేటు కంపెనీలు ఇంత ఖర్చు పెట్టుకోవు. లాబీలో ఒక చేర్యాల బొమ్మ, సోఫా మీద పోచంపల్లి ఇక్కత్ దిండ్లు, మీటింగు గదులకు గోల్కొండ, చార్మినార్ అనే పేర్లు, బతుకమ్మ నాడు కింద హాల్లో ఒక గంట ఆట. వీటిలో తప్పేం లేదు. చార్మినార్‌ను సరుకుకు తగిలించుకోవడంలో వీళ్లందరికీ తాత ఈ పేటలోనే ఉన్నాడు. ‘చార్మినార్’ సిగరెట్ వీఎస్టీదే. కానీ దిండు గలీబు మార్చినంత తేలిగ్గా మార్చేయగలిగేది సంస్కృతి కాదు, అలంకారం. ఈ రెండింటినీ విడదీసి చూపే కట్టడం మన నగరంలోనే ఒకటి ఉంది. కొండాపూర్ దగ్గర 2004లో ప్రారంభమైన సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. కరణ్ గ్రోవర్ గీసిన నమూనా. పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినమ్ గుర్తింపును అమెరికా వెలుపల పొందిన తొలి భవనం అదే. గుండ్రంగా, నడుమ ముంగిలి, చుట్టూ గదులు, ఎండను వడకట్టే జాలీ గోడలు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే బురుజులు. గోల్కొండ సమాధుల దగ్గరా పాతబస్తీ దేవిడీల్లోనూ చూసిన జాలీయే, కానీ ఇక్కడ ఫొటో కోసం పెట్టింది కాదు. తీసేస్తే లోపల ఎండ కొడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. తీసేస్తే ఏదైనా చెడుతుందా అని అడగడం సంస్కృతి పేరుతో పెట్టే ప్రతి వస్తువుకూ మంచి పరీక్ష. చేర్యాల బొమ్మ తీసేస్తే గోడ బోసిపోతుంది, అంతే.

ఇక్కడ అరుగు గురించి ఒక మాట. తెలుగు ఆర్కిటెక్టులు, ముఖ్యంగా కవి హృదయం ఉన్నవాళ్లు, ‘మన అరుగును ఆఫీసులోకి తెద్దాం’ అంటుంటారు. తెలంగాణ భవంతి ఇల్లు, కోస్తా మండువా లోగిలి, వాటి ముందు అరుగు, అక్కడ కూర్చుని లోకాభిరామాయణం. వినడానికి బాగుంటుంది. కానీ ఆ అరుగు మీద ఎవరు కూర్చునేవారు, ఎవరు వీధిలో నిలబడి మాట్లాడేవారు అన్నది మనందరికీ తెలుసు. ఆ ఏర్పాటు కూడా సంస్కృతే. అరుగు కట్టడం మేస్త్రీకి ఒక పూట పని. డ్రైవరు, మేనేజరు దాని మీద పక్కపక్కన కూర్చోవడం నమూనా గీసినవాడి చేతుల్లో లేదు. హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టు క్యాబుల డ్రైవర్లు కార్లోనే సీటు వెనక్కి వాల్చుకుని పడుకోవడం చూస్తాం. లోపల అరుగులు ఎన్ని కట్టినా ఆ సంస్థ సంస్కృతి బయట ఆ కార్లో ఉంది.

రెండో మాటకు వద్దాం. ఆఫీసు గోడలు మనుషులను కలుపుతాయా అన్నదాని మీద గట్టి పరిశోధనే జరిగింది, ఫలితాలు మాత్రం అందరికీ నచ్చేవి కావు. 1970ల్లో ఎంఐటీలో థామస్ ఆలెన్ అనే ఆయన ఇంజినీర్ల బల్లల మధ్య దూరాలు కొలిచి, ఎవరు ఎవరితో ఎన్నిసార్లు మాట్లాడుతున్నారో లెక్కగట్టాడు. దూరం పెరిగేకొద్దీ మాటలు జారిపోయాయి. యాభై మీటర్లు దాటితే ఆ మనిషి పక్క ఊళ్లో ఉన్నా ఒకటే. అంతస్తు మారితే ఇంకా కష్టం. అయితే గోడలు తీసేస్తే సరి అనుకున్నారు అందరూ. 2018లో హార్వర్డ్‌కు చెందిన బెర్న్‌స్టీన్, టర్బన్‌లు రెండు పెద్ద కంపెనీల్లో గోడలు తీయకముందు, తీసిన తరువాత ఉద్యోగుల మెడలో పరికరాలు వేసి కొలిచారు. ఎదురెదురుగా మాట్లాడుకోవడం దాదాపు 70 శాతం పడిపోయింది, ఈమెయిళ్లు పెరిగాయి. అందరూ చూస్తున్న చోట మనిషి చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తెర వైపు తిరుగుతాడు. ఉమ్మడి కుటుంబంలో పెరిగిన ఎవరికైనా ఇది పరిశోధన చేసి చెప్పాల్సిన సంగతి కాదు.

ఐరోపాలో ఇంకో రెండు దారులు ప్రయత్నించారు. స్టాక్‌హోమ్ దగ్గర ఎస్ఏఎస్ విమాన సంస్థకు 1988లో నీల్స్ టోర్ప్ కట్టిన హెడ్డాఫీసులో భవనం పొడవునా ఒక వీధే పెట్టాడు. పైన గాజు కప్పు, ఇరుపక్కలా కెఫేలు, దుకాణాలు. ప్రపంచంలో ఆఫీసు వీధులన్నిటికీ అది మూలపురుషుడు. తీరా పరిశీలించినవాళ్లకు తేలిందేమిటంటే, జనం ఎక్కువగా మాట్లాడుకుంటున్నది వీధిలో కాదు, తమ తమ గదుల్లోనే. వీధిలో కనబడ్డవాళ్లు నవ్వి వెళ్లిపోతున్నారు. నెదర్లాండ్స్‌లో ఆపెల్డోర్న్ అనే ఊళ్లో సెంట్రాల్ బెహీర్ అనే బీమా సంస్థకు హెర్మన్ హెర్ట్స్‌బర్గర్ 1972లో కట్టింది వేరే రకం. వెయ్యి మంది పనిచేసే చోటును నలుగురైదుగురు కూర్చునే చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి, సిమెంటు ఇటుకలను పూత వేయకుండా కావాలనే వదిలేశాడు. ఉద్యోగులు తమ మొక్కలు, బొమ్మలు తెచ్చుకుని దాన్ని పూర్తి చేయాలన్నది ఆయన ఆలోచన. వాళ్లు తెచ్చుకున్నారు కూడా. తర్వాత్తర్వాత కంపెనీ ఖాళీ చేసి వెళ్లిపోయింది, అది వేరే సంగతి. నా మటుకు నాకు ఈ ప్రయోగాలన్నిటిలో మనసుకు పట్టింది ఇదే. యజమాని తన సంస్కృతిని గోడ మీద రాయకుండా, రాసుకోవడానికి ఖాళీ వదిలాడు.

పిక్సార్ సంస్థ భవనం కట్టేటప్పుడు స్టీవ్ జాబ్స్ బాత్‌రూమ్‌లన్నీ నడుమ హాల్లోనే ఉండాలని పట్టుబట్టడం, అంత దూరం ఎవరు నడుస్తారని సిబ్బంది గోల చేస్తే తగ్గడం చాలామంది విన్న కథే. కథ సరదాగా ఉంటుంది గానీ దాని లోపలి ఊహ బలమైనది. మనిషి కలవడం కోసమని ఎక్కడికీ వెళ్లడు. ఇంకేదో అవసరానికి వెళ్తూ కలుస్తాడు.

ఆ అవసరం అనేది ఎలా పనిచేస్తుందో చూడాలంటే అశోక్ నగర్ రావాలి. గ్రూప్స్, పోలీసు, టీచరు, బ్యాంకు ఉద్యోగాల పరీక్షల కోసం తెలంగాణ జిల్లాలన్నిటి నుంచీ వచ్చిన పిల్లలు ఇక్కడ హాస్టళ్లలో, ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు ఉంటారు. కోచింగ్ సెంటర్లు, నెలకింత అని కట్టించుకునే రీడింగ్ రూములు, టిఫిన్ బండ్లు, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం క్యూ. ఈ సందుల్లో అసలైన కూడలి మాత్రం జిరాక్స్ షాపు. కౌంటరు ముందు ఎప్పుడూ ఐదారుగురు నిలబడి ఉంటారు. ఎవరో తెచ్చిన ఎకానమీ నోట్సు కాపీ అవుతుంటుంది. పక్కన నిలబడ్డవాడు మెడ చాచి చూస్తాడు. “అన్నా, ఇది ఎవరి క్లాసుది?” “మా రూమ్మేట్‌ది తమ్మీ. నీకూ ఒక సెట్టు కొట్టించనా?” అంతే, మహబూబ్‌నగర్‌వాడికీ ఆదిలాబాద్‌వాడికీ పరిచయమైపోతుంది. రెండు రోజుల తర్వాత అదే ఇద్దరూ సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో చెట్టు కింద ఒకరినొకరు ఆర్టికల్ నంబర్లు అడుగుతూ కనబడతారు.

ఆ పరిచయం ఎందుకు కుదిరిందో చూడండి. ఇద్దరికీ ఒకే పరీక్ష. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరి దగ్గర లేదు. మిషను నుంచి కాగితాలు రావడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలు ఇద్దరూ కదల్లేరు. కొత్త ఆఫీసుల్లో జరుగుతున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం. క్యాంటీన్‌లో క్యూ ఉండకూడదని యాప్ పెడతారు, బల్ల దగ్గరి నుంచే ఆర్డరిచ్చి సమయానికి వెళ్లి ట్రే తెచ్చుకుంటారు. లిఫ్టు దగ్గర ఆగకూడదని ముందే అంతస్తు నొక్కించి ఏ లిఫ్టో చెబుతారు. ఆగడం అనేదాన్ని మూలమూలలా వెతికి తీసేశాక, ‘ఉద్యోగులు కలుసుకోవడం లేదు, ఒక కొలాబరేషన్ జోన్ కట్టండి’ అని ఆర్కిటెక్టుకు కబురు పెడతారు. రంగురంగుల బీన్ బ్యాగులు వస్తాయి. వాటిలో కూర్చున్న మనిషి తేలిగ్గా లేవలేడు కాబట్టి ఎవరూ కూర్చోరు.

అశోక్ నగర్‌ను స్వర్గంగా చూపించాలని లేదు. ఆ కలయిక వెనక నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, పరీక్ష వాయిదా పడుతుందో తెలియని ఆదుర్దా ఉంది, ఇంటి దగ్గర అప్పు ఉంది. రాత్రి తొమ్మిది దాటితే ఆడపిల్లలు ఆ కూడళ్లలో పలచబడతారు. అందుకే, బయట వీధి ఉంది కదా, ఉద్యోగులు అక్కడే కలుస్తారులే అని హెడ్డాఫీసు చేతులు దులుపుకోవడానికి లేదు. వీధిలో అందరికీ సమానంగా చోటు లేదు.

చిక్కడపల్లిలో చూడాల్సింది ఇంకొకటి త్యాగరాయ గానసభ. 1966లో మొదలైన సంస్థ. సాయంత్రమైతే ఒకే గేటు లోపల పెద్ద హాల్లో ఒక కార్యక్రమం, కళా సుబ్బారావు కళావేదిక లాంటి చిన్న హాళ్లలో వేరే కార్యక్రమాలు. ఒకచోట పుస్తకావిష్కరణ, ఒకచోట సినిమా పాటల విభావరి, ఇంకోచోట ఎవరికో సన్మానం. పుస్తకం కోసం వచ్చిన పెద్దాయన ముందుమాట రాసిన వక్త రెండో గంటలోకి దిగగానే మెల్లగా లేచి పక్క హాల్లో పాట వినడానికి వెళ్తాడు. అక్కడ పాత కొలీగు కనబడతాడు, ఇద్దరూ బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడతారు. తెలుగు సాహిత్య లోకంలో సగం స్నేహాలు, ముప్పాతిక తగాదాలు ఈ మెట్ల మీదే కుదిరాయంటే పెద్ద అతిశయోక్తి కాదు. ఇందులో ఆర్కిటెక్టు మెచ్చుకోవాల్సిన సూక్ష్మం చిన్న హాలు. అరవై మంది వస్తే నిండినట్టు కనిపించే గది, అద్దె ఒక రచయితో ఒక చిన్న సంఘమో భరించగలిగేంత. కంపెనీలు ఐదు వందల సీట్ల ఆడిటోరియం కడతాయి. సంవత్సరంలో నాలుగు సార్లు నిండుతుంది, మిగతా రోజుల్లో దానికి ఏసీ వేయడానికే భయం.

పరిమాణం విషయంలోనే పడమటి హైదరాబాద్ దారి వేరు. నానక్‌రామ్‌గూడలో అమెజాన్ 2019 ఆగస్టులో ప్రారంభించిన క్యాంపస్ 9.5 ఎకరాల్లో 15 వేల మందికి పైగా పనిచేసేలా కట్టింది, అప్పటికి అమెరికా బయట ఆ సంస్థ సొంతంగా కట్టుకున్నది అదొక్కటే. 15 వేలంటే ఒక చిన్న పట్టణం. ఆలెన్ లెక్కను అక్కడ పెట్టి చూస్తే, ఎవరికైనా చుట్టుపక్కల యాభై మీటర్లే పరిచయం, మిగతాది పట్టణంలో అపరిచితుల వీధి. ఇది ఆ కంపెనీ తప్పు కాదు, ఆ పరిమాణంలో ఎవరు కట్టినా అంతే. 2022 జూన్‌లో రాయదుర్గంలో తెరిచిన, అంకుర సంస్థలకు నీడనిచ్చే టీ-హబ్ కొత్త భవనం లాంటివి వేర్వేరు కంపెనీలను ఒకే కప్పు కిందికి తెచ్చాయి. అది కొంచెం జిరాక్స్ షాపుకు దగ్గరి ఏర్పాటు, ఎందుకంటే అక్కడ ఒకరి దగ్గర పెట్టుబడి, ఇంకొకరి దగ్గర ఆలోచన ఉంటాయి. ఒకే కంపెనీ, ఒకే రకం పని, ఒకే వయసు ఉన్న మూడు వేల మందిని ఒకచోట కూర్చోబెడితే వాళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికి అసలు ఏముందన్నది కట్టడానికి ముందే వేసుకోవాల్సిన ప్రశ్న.

మళ్లీ బస్ భవన్ దగ్గరికి రావాలి, ఎందుకంటే ఈ పేటల్లో నిజమైన హెడ్డాఫీసు అదే. ఆ సంస్థ చరిత్ర 1932 జూన్‌లో నిజాం రైల్వేలో భాగంగా 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైంది. 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడింది. బస్సు నంబరు ప్లేటు మీద ఉండే ‘జెడ్’ నిజాం తల్లి జెహ్రా బేగం పేరు నుంచి వచ్చిందని జనం చెప్పుకుంటారు. తొంభై ఏళ్ల నాటి జ్ఞాపకాన్ని వేల బస్సుల నుదుటి మీద తిప్పుతున్న సంస్థకు లాబీలో బొమ్మలు అక్కర్లేదు. తార్నాకలో ఆర్టీసీ ఆసుపత్రి, బాగ్‌లింగంపల్లిలో ఆర్టీసీ కళాభవన్. ఇవేవీ హెడ్డాఫీసు నమూనాలో భాగంగా కట్టినవి కావు, కానీ డ్రైవరు కుటుంబానికి సంస్థ అంటే ఇవే.

అదే సంస్థ చెప్పే ఇంకో సంగతి కూడా ఉంది, ఆఫీసు నమూనాల పుస్తకాల్లో అది కనబడదు. 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు దాదాపు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు సమ్మె చేశారు. కలయికను పెంచే భవనం అన్నప్పుడు అందరూ నవ్వుతున్న బొమ్మలే వేస్తారు. కానీ పనిచేసేవాళ్లు ఒకరితో ఒకరు నిజంగా కలిస్తే అప్పుడప్పుడు యాజమాన్యం మీదికి కూడా వస్తారు. గేటు ముందు వాళ్లు నిలబడటానికి చోటు, మాట్లాడటానికి ఒక గది ఉన్న హెడ్డాఫీసు, ఆ రెండూ లేని దానికన్నా మెరుగైన సంస్కృతిని చూపిస్తుందని నేనంటాను. ఏ ఆర్కిటెక్టుకు ఇచ్చే పనుల జాబితాలోనూ యూనియన్ గది ఉండటం ఈమధ్య ఎరగం.

రాష్ట్ర విభజన తరువాత ఏపీఎస్ ఆర్టీసీ ప్రధాన కార్యాలయం విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ ఆవరణలోకి వెళ్లింది. ఈ రెండు హెడ్డాఫీసులనూ పక్కపక్కన పెట్టి చూడటం విద్యార్థులకు మంచి పాఠం. ఒకటి ప్రత్యేకంగా కాంపౌండు ఉన్న పరిపాలనా భవనం. రెండోది బస్టాండులోనే ఉంది. అక్కడ ఫైలు చూసే అధికారి భోజనానికి కిందికి దిగితే పిల్లనెత్తుకుని మచిలీపట్నం బస్సు కోసం చూస్తున్న ప్రయాణికురాలు ఎదురుపడే వీలుంది. ఏ కన్సల్టెంటూ ఇది సూచించలేదు, చోటు కోసం వెతుక్కుంటే దొరికింది. కానీ ఒక సంస్థ చేసే పని, ఆ పనిని నడిపే గది ఒకే కప్పు కింద ఉండటం కన్నా సూటిగా సంస్కృతిని చూపే నమూనా నాకు కనబడలేదు. బ్యాంకు హెడ్డాఫీసు కింద మామూలు బ్రాంచి, పత్రిక హెడ్డాఫీసు కింద అచ్చు యంత్రం, మందుల కంపెనీ కింద మందుల షాపు ఉండటం ఒకప్పుడు వింత కాదు. ఇప్పుడు సరుకు తయారయ్యే చోటు నగరం అంచుకు, నడిపించేవాళ్లు అద్దాల మేడకు చేరారు.

ఇప్పుడు ఎవరైనా నిజంగా చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో హెడ్డాఫీసు కట్టాలనుకుంటే మొదట అడ్డొచ్చేది సంస్కృతి కాదు, నిబంధనలు. హైదరాబాద్‌లో స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఇంతే కట్టాలన్న పరిమితి లేదు. 2012 నాటి జీవో 168 ప్రకారం ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ వదలాల్సిన జాగా పెరుగుతుంది, రోడ్డు వెడల్పును బట్టి ఎంత ఎత్తు వెళ్లొచ్చో తేలుతుంది. మంటలు, గాలి, వెలుతురు దృష్ట్యా అది సబబే. ఫలితం మాత్రం, పెద్ద ఆఫీసు రోడ్డుకు దూరంగా జరిగి నిలబడుతుంది, వదిలిన జాగాలో కార్లు తిరుగుతాయి, దాని చుట్టూ ప్రహరీ లేస్తుంది. నారాయణగూడ పాత బంగళాల స్థలాలు కలిపి కొన్నా అంత జాగా దొరకడం కష్టం. నాకైతే ఇది మంచిదే అనిపిస్తుంది. పదిహేను వేల మంది వద్దు, రెండు మూడు వందల మందితో నాలుగైదు అంతస్తులు చాలు. అంత ఎత్తుకు మెట్లు ఎక్కొచ్చు. మెట్లు వెడల్పుగా, వెలుతురు పడేచోట, లిఫ్టు కన్నా ముందు కనబడేలా పెడితే ఎక్కుతారు కూడా. ఫైర్ తలుపు వెనక చీకట్లో దాచి, పక్కన ‘ఆరోగ్యానికి మెట్లు ఎక్కండి’ అని పోస్టరు అంటిస్తే ఎక్కరు.

కార్ల సంగతికి మెట్రో ఉంది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఎంజీబీఎస్ వరకు తెరుచుకున్న లైను మీద ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ వరుసగా మూడు స్టేషన్లు. సెల్లారు మీద పెట్టే డబ్బులో సగం ఉద్యోగుల పాసులకు పెట్టినా మిగులుతుంది. దీనికి తోడు 2023 ఆగస్టు 19న ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీలు బ్రిడ్జి తెరిచారు. కారున్నవాళ్లు ఇప్పుడు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌ను పైనుంచి దాటిపోతారు. కింద ఎవరున్నారో వాళ్లకు అక్కర్లేదు. ట్రాఫిక్‌కు మేలైంది, ఒప్పుకోవాల్సిందే. నేల మీద మిగిలినవాళ్లు బస్సువాళ్లు, మెట్రోవాళ్లు, నడిచేవాళ్లు. హెడ్డాఫీసు కింది అంతస్తు ఎవరిని చూస్తూ ఉండాలో దీనితో తేలిపోతుంది.

ఆ కింది అంతస్తు దగ్గరే లెక్క తప్పుతుంది. అద్దె లెక్కలు వేసేవాడు దాన్ని బ్యాంకుకో నగల షోరూముకో ఇమ్మంటాడు, సెక్యూరిటీ అధికారి ఎవరికీ ఇవ్వొద్దంటాడు. ఈ పేటల్లో అవసరమైనవి తెలుసు. పిల్లలు కూర్చుని చదువుకునే బల్లలు, అరవై మంది పట్టే ఒక సాయంత్రపు హాలు, ఒక జిరాక్స్ మిషను, మంచినీళ్లు, ఆడవాళ్లకు పనికొచ్చే టాయిలెట్. ఉదయం నుంచి ఐదింటి దాకా కంపెనీ మీటింగులకు, ఆ తర్వాత బయటివాళ్లకు వాడుకునే హాలు ఖర్చులో పెద్దది కాదు. అయితే అది కట్టే రోజే కట్టాలి. వీధి వైపు దానికి సొంత తలుపు, సొంత కరెంటు మీటరు, లోపలి ఆఫీసుతో సంబంధం లేని టాయిలెట్, వాచ్‌మన్ రాత్రి పది దాకా ఉండేలా జీతం. ఇవి నమూనాలోనూ బడ్జెట్‌లోనూ మొదటే రాకపోతే, ప్రారంభోత్సవం నాడు పిల్లలతో ఫొటోలు దిగి, రెండో నెలలో ‘కార్డు ఉన్నవారికి మాత్రమే’ అని బోర్డు పెడతారు.